సున్నా వేసిన ఆదివారాలు

ఎన్నో ఏళ్లుగా ఒక మంచిపేరు మోస్తున్నాను. అది నాది కాదు. చెడ్డపేరు మోయడం కష్టమని అందరూ అంటారు. నాది కాని మంచిపేరు ఎంత బరువుంటుందో మాత్రం ఎవరూ చెప్పగా వినలేదు. వచ్చే గురువారం ఆ పేరు మీదనే నన్ను సాక్ష్యానికి పిలిచారు. అందుకే ఈ రాత. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం నాకు ఇన్నాళ్లూ రాలేదు.

మా విశ్వవిద్యాలయం పేరు రాయను. దాని పెద్ద కార్యాలయం కరీంనగర్‌లో ఉందని, నేను అక్కడ పనిచేస్తానని అనుకోండి, చాలు. క్యాంపస్‌లు గోదావరికి ఇవతల కొన్ని, అవతల కొన్ని. బొగ్గు గనుల కాలనీ పక్కన ఒకటి. మరమగ్గాల ఊరిలో ఒకటి. నిర్మల్ దాటాక ఒకటి. ఉట్నూరు అవతల కొండల్లో చివరిది. ఏ క్యాంపస్ తీరు దానిదే. సెలవులు వేరు, పరీక్షల తేదీలు వేరు, హాజరు లెక్క వేరు. వీటన్నిటినీ ఒక దారికి తెచ్చే విభాగంలో నేను సీనియర్ అసిస్టెంట్‌ని.

నేను పెద్దగా చదువుకోలేదు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే తప్పు అక్కడే మొలిచింది. మా బాపు సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఇంటర్ తప్పాక నేనూ అదే షెడ్డుకు పోయాను. ఎవరు ఎన్ని మీటర్లు నేశారో, నూలు ఎంత పోయిందో, బట్టలో తరుగెంతో లెక్కవేసి చెప్పేవాణ్ని. ఎవరూ నేర్పలేదు. తర్వాత విశ్వవిద్యాలయంలో రోజుకూలీ టైపిస్టుగా చేరి, కంప్యూటర్ మీద పట్టికలు వేయడం, సూత్రాలు రాయడం నాకు నేనే నేర్చుకున్నాను. కొన్నాళ్లకు ప్రొఫెసర్లు కూడా వచ్చి నా బల్ల పక్కన నిలబడి అడిగేవారు. సెక్షన్‌లో నన్ను "డిగ్రీ లేని ప్రొఫెసర్" అని పిలిచేవారు. నవ్వుతూనే పిలిచేవారు. నేనూ నవ్వేవాణ్ని. ఆ పిలుపులో చివరి మాట నాకెప్పుడూ వినిపించలేదు. మొదటి రెండే వినిపించేవి.

ఒక ఏడు పైనుంచి ఆదేశం వచ్చింది. అన్ని క్యాంపస్‌లకూ ఒకే క్యాలెండర్, ఒకే హాజరు సూత్రం ఉండాలని. నూటికి డెబ్బై ఐదు హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వకూడదన్నది పాత నియమమే. అయితే నూరంటే ఏ నూరు? ఎవరి పనిదినాల్లో నూరు? అది ఒక్కో చోట ఒక్కో రకంగా ఉండేది. రిజిస్ట్రార్ నన్ను పిలిచి, సూత్రం నువ్వే తయారు చెయ్యి అన్నాడు. ప్రొఫెసర్లతో కమిటీ వేస్తే ఏడాదైనా తేలదని ఆయన అభిప్రాయం. నేను ఆ గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు నడక మారిందని నాకే తెలిసింది.

సూత్రం తేలికైనదే. సోమవారం నుంచి శనివారం దాకా ఉమ్మడి క్యాలెండర్‌లో ఉన్న పనిదినాలు మొత్తం. విద్యార్థి వచ్చిన రోజులను ఆ మొత్తంతో భాగించాలి. క్యాంపస్‌లన్నీ అంకెలు పంపాయి. అన్నీ కుదిరాయి, కొండ క్యాంపస్ తప్ప. అక్కడ వానలు తగ్గిన నెలల్లో కొందరి హాజరు నూరు దాటింది. దీపావళి ముందు మాత్రం అందరిదీ ఒకేసారి పడిపోయింది.

షెడ్డులో పెరిగినవాడికి ఒక అలవాటు ఉంటుంది. మగ్గం ఆడిన గంటలకు మించి బట్ట వస్తే, ఎవరో పక్కవాడి బట్టను తన లెక్కలో కలిపాడని అర్థం. అక్కడ ఎవరినీ ఎందుకని అడగం. ఎక్కువైనది కొట్టేస్తాం. నేనూ అదే చేశాను. నూరు దాటించినవి ఆదివారాలని చూశాను. ఆదివారాలన్నిటికీ సున్నా వేశాను. నెల హాజరు నూరుకు దిగింది, చూడటానికి శుభ్రంగా ఉంది. దీపావళి ముందు పడిపోయిన రోజులు అలాగే ఉన్నాయి. ఏడాది మొత్తం కూడితే ఆఖరు సంవత్సరం పిల్లల్లో చాలామంది డెబ్బై ఐదు కిందికి పోయారు. ఆ క్యాంపస్ పేరు పక్కన ఒక మాట రాశాను. "సందేహాస్పదం." ఇంతవరకు నాది తప్పే గానీ నేరం కాదు. అలా అనుకుంటాను. ఆ మాట రాసేటప్పుడు లోపల చిన్న సంతోషం కలిగిన మాట కూడా నిజమే. దొంగను పట్టినవాడి సంతోషం.

పాలకమండలి సమావేశం రేపనగా జంగు సార్ వచ్చాడు. అతను కొండ క్యాంపస్‌కు ఇన్‌చార్జి. కాంట్రాక్టు లెక్చరర్. జైనూర్ దగ్గరి గోండు గూడెం అతనిది. మా పట్టిక క్యాంపస్‌లకు చేరగానే చూసి, పొద్దున మొదటి బస్సెక్కి, నిర్మల్‌లో మారి, మధ్యాహ్నానికి కరీంనగర్ చేరాడు. కార్యాలయం ఎదుటి చాయ్ హోటల్లో నన్ను పట్టుకున్నాడు. అప్పటిదాకా ఫోన్లో గొంతు వినడమే. మనిషి నాకంటే చిన్నవాడు, చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి ఉన్నాయి.

"లెక్కలు మీరే ఏసిన్రట గద సార్," అన్నాడు. కోపం లేదు. "మా ఆదివారాలు ఏడ వోయినయి?"

ఆదివారం క్లాసులు ఎక్కడా ఉండవు కదా అన్నాను.

"మా దగ్గర ఉంటయి సార్. దండారి కోసం."

చాయ్ తాగుతూ అంతా చెప్పాడు. దీపావళికి ముందు గోండు గూడేల్లో దండారి మొదలవుతుంది. ఒక ఊరి దండు ఆడుతూ పాడుతూ ఇంకో ఊరికి పోతుంది. ఆ ఊరివాళ్లు వాళ్లను ఆదరించి, అన్నం పెట్టి, తర్వాత తామూ ఆడుతూ బయలుదేరుతారు. మగపిల్లలు ఆటలో ఉంటారు. ఆడపిల్లలు వచ్చినవాళ్లకు వండిపెడుతూ ఇళ్లలో ఉంటారు. జీపు నడిపేవాళ్లు కూడా దండులోనే. క్లాసు పెట్టినా వచ్చేవాడు లేడు, తెచ్చే బండీ లేదు. అందుకని వానలు తగ్గగానే ప్రతి ఆదివారం క్లాసులు నడిపి, దండారికి పోయే రోజులను ముందుగానే పూడ్చుకుంటారు. క్యాంపస్ పెట్టిననాటి నుంచి ఇదే పద్ధతి. ఇంతకు ముందున్న అధికారులకు తెలుసు. నోటి మాట మీదనే నడిచింది.

"అంత తిప్పలెందుకు? దండారి యాళ్ల క్లాసులైనట్టు రాస్తే ఎవలడుగుతుండె?" అన్నాను, ఊరికే.

జంగు నవ్వాడు. "ఎట్ల రాస్త సార్. నేనే నెమలీకల టోపి పెట్టుకొని గుస్సాడి ఆడుతుంట. నా హాజరు ఎవలేస్తరు మరి?"

నేనూ నవ్వాను. నవ్వుతుండగానే లోపల అంకెలన్నీ వాటంతట అవే సర్దుకున్నాయి. ఎక్కువైన రోజులు, తక్కువైన రోజులు ఒకదాని మీద ఒకటి పడి సరిపోయాయి. ఆదివారాలను మొత్తంలో కలిపితే, దండారి రోజులను సెలవుగా తీసేస్తే, ఆ క్యాంపస్ హాజరు మా కరీంనగర్ క్యాంపస్ కంటే మంచిది. కాగితం కూడా అక్కర్లేకపోయింది. తప్పు నాదని నాకు ఆ క్షణాన పూర్తిగా తెలుసు. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకోండి. తర్వాత నేను ఎన్ని సాకులు చెప్పినా, ఇది ముందు జరిగింది.

"నేను చెప్తే తప్పించుకునేటందుకు చెప్తున్నడంటరు," అన్నాడు జంగు. "లెక్క ఏసినోళ్లే చెప్పాలె. మీరొక్క మాటంటే సాలు సార్."

"ఫికర్ చేయకున్రి జంగు సార్. రేపు నేను చెప్త."

"చెప్తరు గద?"

"చెప్త అంటిని గద."

అతను సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లిపోయాడు. రేపు క్లాసుందట.

మర్నాడు సమావేశానికి నన్ను లోపలికి పిలిచారు. నాలాంటివాళ్లను పిలవరు. బయట వరండాలో నిలబడి, అడిగితే కాగితం అందించడమే మా పని. ఆ రోజు బల్ల చివర నాకు కుర్చీ వేశారు. రిజిస్ట్రార్ నన్ను పరిచయం చేశాడు. ఈయన డిగ్రీ కాలేజీ గడప తొక్కలేదు, కానీ మనం ఇన్నేళ్లూ పట్టుకోలేని దొంగ హాజరును పట్టాడు అన్నాడు. కొందరు ప్రొఫెసర్లు నా వైపు తిరిగి తలలూపారు. నా బల్ల దగ్గరికి వచ్చి సూత్రాలు అడిగి, బయటికి పోయాక "డిగ్రీ లేని ప్రొఫెసర్" అని నవ్వినవాళ్లే. ఆ తలలు అటూ ఇటూ ఊగడం ఇప్పటికీ కనిపిస్తుంది. ఎందుకు అంత తీయగా ఉండాలి అది? నాకు అప్పటికే యాభై దగ్గర పడుతున్నాయి. చిన్నపిల్లవాణ్ని కాను.

అప్పటి ఉపకులపతిని మేం పెద్దాయన అనేవాళ్లం. ఫిజిక్స్ చెప్పిన మనిషి. మాట తక్కువ. ఆయన పట్టికను ఒక్కో వరుసా చూసుకుంటూ వచ్చి, కొండ క్యాంపస్ దగ్గర ఆగాడు. నేను రాసిన మాట చదివాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"వాళ్లకేమన్న కారణం ఉండొచ్చు గద. ఎవరికన్న తెలుసా?" అన్నాడు.

అని నా వైపు చూశాడు.

ఎంతసేపు చూశాడో చెప్పలేను. ప్రతిదీ కొలిచే అలవాటున్న నేను దాన్ని మాత్రం కొలవలేకపోయాను. ఫ్యాను తిరుగుతోంది. ఎవరో గొంతు సవరించుకున్నారు. నోట్లో మాట తయారుగా ఉంది. సార్, తప్పు నాది, ఆదివారాలను కలపాలి. అంతే. కానీ ఆ మాట అన్న మరుక్షణం ఆ తలలు మళ్లీ నా వైపు తిరుగుతాయి. ఈసారి ఊగవు. ఎంతైనా చదువు లేనివాడు అంటాయి. కుర్చీ ఇస్తే ఇట్లనే ఉంటుంది అంటాయి. పైగా ఒక క్యాంపస్‌కు మినహాయింపు ఇస్తే ఒకే సూత్రం అనేది పోతుంది. అది నా సూత్రం. నేను బతుకులో చేసిన ఒకే ఒక పెద్ద వస్తువు.

నేను బల్ల వైపు చూశాను.

పెద్దాయన మళ్లీ కళ్లజోడు పెట్టుకున్నాడు. సూత్రం ఆమోదించారు. కొండ క్యాంపస్ మీద విచారణ వేయాలన్నారు. తర్వాతి అంశానికి పోయారు.

సాయంత్రం జంగు ఫోన్ చేశాడు. ఆ ఫోన్ ఎత్తకుండా ఉండొచ్చు. ఎత్తి నిజం చెప్పొచ్చు. రెండూ చేయలేదు. "నేను చెప్పిన జంగు సార్. వాళ్లు వినలే," అన్నాను.  అతను, మీరు నా కోసం అంత పెద్దోళ్ల ముందర నిలవడ్డరు, అది మర్చిపోను అన్నాడు. నా మీద ఆ మంచిపేరు పడింది అప్పుడే. నోరు మూసుకున్నది పిరికితనం అనుకుందాం. ఇది? దీనికి ఏ పేరు పెట్టాలో ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత జరిగినవన్నీ చప్పుడు లేకుండా జరిగాయి. విచారణ అంటే ఒక మనిషి ఒక రోజు పోయి రావడం. సూత్రం ప్రకారం హాజరు లేదు, రికార్డులో ఉంది, కాబట్టి తప్పుడు హాజరు. జంగు కాంట్రాక్టు మళ్లీ రాయలేదు. కారణం కూడా కాగితం మీద పెట్టారు, అందుకని ఇంకే కాలేజీ అతన్ని తీసుకోలేదు. ఆఖరు సంవత్సరం పిల్లల్ని పరీక్షకు కూర్చోనివ్వలేదు. పిల్లలు తగ్గారని మరుసటి ఏడు క్యాంపస్ మూసి, ఆదిలాబాద్ పట్నంలో ఉన్నదానిలో కలిపారు. కొండల మీంచి అంత దూరం వచ్చినవాళ్లు కొద్దిమందే. ఆ విలీనం ఫైలు కూడా నా బల్ల మీదుగానే పోయింది. అందులో తప్పు ఒక్కటి కూడా లేదు. చూసుకుని మరీ పంపాను.

నాకు ప్రమోషన్ రాలేదు. ఎవరూ నన్ను అనుమానించలేదు. ఏ శిక్షా పడలేదు. పడుతుందని మాత్రం ప్రతి రోజూ అనిపించేది. అడవి దారిలో పోతుంటే వెనక ఏదో వస్తున్నట్టు, ఆగి చూస్తే ఆగినట్టు ఉంటుంది కదా, అలాగ. ఉట్నూరు వైపు నుంచి ఏ కాగితం వచ్చినా విప్పేముందు కవరు అటూ ఇటూ తిప్పి చూసేవాణ్ని. ఆదివారం ఇంట్లో ఉండలేకపోయేవాణ్ని. ఏదో పని పెట్టుకుని బజారుకు పోయేవాణ్ని. నా భార్య మొదట్లో అడిగింది, తర్వాత అడగడం మానేసింది.

కొన్నేళ్ల తర్వాత జైనూర్‌లో పరీక్షా కేంద్రం చూసి రమ్మని నన్నే పంపారు. ఉట్నూరులో బస్సు దిగి జీపు కోసం నిలబడ్డాను. వచ్చిన జీపు నడుపుతున్నది జంగు. నన్ను చూసి దిగి వచ్చి చేతిలో సంచి తీసుకున్నాడు. ముందు సీట్లో కూర్చున్నవాణ్ని వెనక్కి పంపి నన్ను కూర్చోబెట్టాడు. వెనక చంటిబిడ్డతో ఒకామె ఉంది. సోంబాయి అని పరిచయం చేశాడు. ఆఖరు సంవత్సరంలో ఆగిపోయిన పిల్లల్లో ఒకతె. ఒక్క ఆదివారం కూడా తప్పలేదట.

"గీ సారే," అన్నాడు ఆమెతో. "మన తరఫున మాట్లాడింది గీ సారొక్కడే."

 ఆమె, నా సంచి తన కాళ్ల దగ్గర ఇరుకుగా ఉందని, బిడ్డను ఇంకో వైపు మార్చుకుని దానికి చోటు చేసింది. ఆ చోటు చేయడం చూశాక నేను వెనక్కి తిరగలేదు. దారి పొడుగునా రెండు వైపులా టేకు చెట్లు, ఆకులు రాలి ఉన్నాయి. మలుపు మలుపుకీ ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. ఇప్పుడు. ఈ మలుపు తర్వాత. జంగు కూతురి చదువు గురించి, జీపు టైర్ల గురించి, ఈసారి దండారికి వాన పడ్డదని చెబుతూ నడిపాడు. జైనూర్ వచ్చేసింది. దిగాను. నమస్తే పెట్టాడు. నేనూ పెట్టాను.

ఇప్పుడు గూడేల వాళ్లు అర్జీ పెట్టారు. మూసేసిన క్యాంపస్ తెరవాలని, జంగు మీద వేసిన మచ్చ తీసేయాలని. పై నుంచి విచారణాధికారిని వేశారు. గురువారం ఉట్నూరులో వింటారు. పోయిన వారం జంగు ఫోన్ చేసి, సాక్షుల్లో నా పేరే ముందు రాయించానని చెప్పాడు. గొంతులో సంతోషం. బస్‌స్టాండుకు జీపు తెస్తానన్నాడు. సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక, ఇన్నేళ్లు వెనక వచ్చినదేదో ఇప్పుడు ముందుకు వచ్చి దారిలో నిలబడిందని తెలిసింది.

లెక్క వేసుకున్నాను. అలవాటు పోదు కదా. నేను చెప్పాను, వాళ్లు వినలేదు అని సాక్ష్యం ఇస్తే జంగు గెలుస్తాడు. ఆదివారాలు నిజమని తేలుతుంది. నేను చెప్పలేదు అని ఒప్పుకున్నా జంగు గెలుస్తాడు. ఆదివారాలు అప్పుడూ నిజమే. అతనికి రెండు దారుల్లోనూ ఒకటే ఫలితం. సమావేశం రికార్డులో నిర్ణయాలే ఉంటాయి, ఎవరు మాట్లాడారో ఉండదు. అక్కడున్నవాళ్లకు గుర్తుండదు. పెద్దాయన చనిపోయాడు. అబద్ధం ఎవరికీ దొరకదు. మరి ఎందుకు నిజం? ఎవరికి లాభం?

ఈ వారమంతా ఇక్కడే తిరిగాను. చివరికి ఒక చోట ఆగిపోయాను. నేను ఆ అబద్ధం చెబితే, పెద్దాయన వినని మనిషిగా మిగిలిపోతాడు. ఆయన విన్నాడు. వినడానికి కళ్లజోడు తీసి, నా వైపు చూసి, ఎదురుచూశాడు. నేను చెప్పి ఉంటే ఆ రోజే సూత్రం మారేది. ఇది నాకు ఎప్పటి నుంచో తెలుసు, కానీ నన్ను నేను ఎన్నడూ ఇంత సూటిగా అనుకోనివ్వలేదు. వాళ్లు వినేవారు కాదులే అన్న ఊరట మీద బతికాను. అది ఊరట కాదు, ఇంకో అబద్ధం. మాట నా నోట్లో ఉండగా ఒక క్యాంపస్ మూతపడింది.

గురువారం నిజమే చెబుతాను. అంతకంటే ముందు జంగుకు చెప్పాలి. అందరి ముందు విననివ్వకూడదు, బస్‌స్టాండులోనే, జీపు ఎక్కకముందే చెప్పాలి. అతను ఏం చేస్తాడో నాకు తెలియదు. తిడితే మేలు. కొట్టినా మేలు. అతను ఆ రెండూ చేయడేమో, నా సంచి తీసుకుని ముందు సీట్లో పెట్టి ఏమీ అనకుండా జీపు నడుపుతాడేమో అన్నదే నా భయం. క్షమించమని అడగను. అడిగితే అతనికి ఇంకో పని పెట్టినట్టవుతుంది. అతను చదువు చెప్పిన పిల్లల ఏళ్లు నేను తిరిగి ఇవ్వలేను, సోంబాయి ఏడాది ఇవ్వలేను. నా దగ్గర ఇవ్వడానికి ఉన్నది ఈ మంచిపేరొక్కటే, అది కూడా అతనిచ్చిందే.

నోటితో అనే ముందు ఒకసారి రాసి చూసుకుందామని కూర్చున్నాను. రాస్తున్నాను. ఆ రోజు పెద్దాయన అడిగాడు. నాకు కారణం తెలుసు. నేను నోరు తెరవలేదు. సాయంత్రం జంగుకు అబద్ధం చెప్పాను.

ఇన్నేళ్లలో ఈ మాటలు నా లోపల తప్ప ఎక్కడా లేవు. ఇప్పుడు మీ దగ్గర కూడా ఉన్నాయి.  ఊపిరి చాలా కాలానికి కడుపు దాకా పోయి వస్తోంది.